బతికున్నవాళ్ళ పళ్ళెంలో రెండో కొవ్వొత్తి

బహ్రెయిన్‌లో నేను మొదట పనిచేసినవన్నీ అరబ్బుల ఇళ్ళు. అక్కడ చాకిరీకి అంతుండేది కాదు గాని, మనుషులకీ లోటుండేది కాదు. పిలిచేవాళ్ళు, కసిరేవాళ్ళు, పిల్లలు, ఆ పిల్లల వెనక పరుగులు. ఒక్కదాన్నే కూర్చుని ప్రశాంతంగా టీ తాగే రోజు ఎప్పుడొస్తుందా అని ఏడ్చేదాన్ని. దేవుడు వినకూడనప్పుడే వింటాడు. రిఫాలో ఈ ఫ్లాటుకి పనికొచ్చాక రోజంతా ఒక్కదాన్నే కూర్చుని టీ తాగాను, ఒక్కసారి కూడా రుచి తెలియలేదు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. రుమేనియా దేశపు ముసలావిడ, ఆవిడ కొడుకు. కొడుకు సిత్రాలో రిఫైనరీ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళి పొద్దుగూకాక వచ్చేవాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, భార్య ఎప్పుడో విడిపోయింది, పిల్లల్లేరు. తండ్రి పోయాక తల్లిని ఒంటరిగా వదలలేక ఇక్కడికి తెచ్చుకున్నాడు. పగలంతా ఆవిడకి నేను, నాకు ఆవిడ.

పనిలో పెట్టుకున్న రోజే ఆయన నాకొక మాట చెప్పాడు. ఆయన ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాగే అతుకులబొంత, అందుకే మా ఇద్దరికీ బాగా అర్థమయ్యేది. "మా అమ్మ ఇంటికి పోతాను, ఇంటికి పోతాను అంటుంది. సరే అనకు, వద్దనకు. మాట మార్చెయ్." ఇల్లంటే సొంతూరేమో అనుకున్నాను. కాదు, సన్యాసినుల మఠం. కొడుకుని, ఏసీ గదిని వదిలేసి ఆ మఠానికి పోయి, నల్లబట్టలు కట్టుకుని, అక్కడే కన్నుమూయాలని ఆవిడ కోరిక. నేనున్న రెండేళ్ళూ ఆ ఇంట్లో నలిగింది ఆ ఒక్క సంగతే.

వినగానే నాకు ఒళ్ళు మండింది. ఎనభై దాటిన తల్లిని కంటికి రెప్పలా చూసుకునే కొడుకు ఈ రోజుల్లో ఎంతమందికి దొరుకుతాడు? అలాంటివాణ్ణి కాదని ఎక్కడో కొండల్లో, చలిలో, ఎవరో సన్యాసినుల పంచన చేరతానంటే దాన్ని భక్తి అనాలా, పొగరు అనాలా? పాలకొల్లు దగ్గర మా పల్లెలో అయితే తిన్నదరక్క అంటారు. ఇంకో సంగతీ దాచను. ఆవిడ వెళ్తే నా పని పోతుంది, పనితో పాటు వీసా పోతుంది. మళ్ళీ ఏ ఇంటి గుమ్మం ఎక్కాలో తెలీదు. ఊళ్ళో నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. నన్ను పెళ్ళాడినవాడు ఇంకొకామెతో కాపురం పెట్టి చాలా కాలమైంది. అక్క ఉంది గాని, ఆవిడ సంసారం ఆవిడది. కాబట్టి నేను మొదటి రోజు నుంచీ కొడుకు పక్షమే.

మామ్మగారికి రుమేనియా మాట తప్ప ఇంకో మాట రాదు. నన్ను 'ఫతా' అని పిలిచేది, అంటే అమ్మాయీ అని. యాభై దగ్గర పడ్డ నన్ను అమ్మాయీ అని పిలిచే మనిషి భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది. వంటింటి మాటలు కొన్ని నేను నేర్చుకున్నాను, మిగతావాటికి ఫోనే దిక్కు. ఆవిడ ఫోనులోకి ఏదో చెప్పేది, అది తెలుగులో పలికేది. ఆ తెలుగు హరికథ చెప్పే దాసుగారి తెలుగు. "నాకు దాహము కలుగుచున్నది" అని ఫోను అంటే, నవ్వాపుకోలేక గ్లాసులో నీళ్ళు ఒలకబోసుకునేదాన్ని. ఎందుకు నవ్వుతున్నావో చెప్పమని ఆవిడ పట్టుబట్టేది. అది చెప్పాలన్నా మళ్ళీ ఆ ఫోనే కావాలి.

అలా ముక్కలు ముక్కలుగా ఆవిడ కథ నాకు తెలిసింది. పెద్ద యుద్ధం అయిపోయాక వాళ్ళ వైపు కరువొచ్చిందట. తిండి పెట్టలేక తల్లిదండ్రులు ఈవిడని తీసుకెళ్ళి మఠంలో సన్యాసినిగా ఉన్న మేనత్తకి అప్పజెప్పారు. అక్కడ వందలమంది ఆడవాళ్ళు. పెద్ద గుడి, దాని చుట్టూ చిన్నచిన్న చెక్క ఇళ్ళు, ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున. ఆవులు, తేనెపెట్టెలు, తివాచీలు నేసే మగ్గాలు. మేనత్త ఇంట్లోనే ఇంకో పిల్ల కూడా పెరిగింది, ఆమెకీ ఎవరూ లేరు. ఇద్దరికీ ఒకటే మంచం, ఒకటే దుప్పటి. దీక్ష తీసుకుందామంటే ఇంకా వయసు చాలదని పెద్దవాళ్ళు ఆపారు.

ఇంతలో అక్కడి ఎర్రజెండా ప్రభుత్వం వయసులో ఉన్న ఆడవాళ్ళు మఠాల్లో ఉండటానికి వీల్లేదంది. ముసలివాళ్ళని వదిలేసి మిగతావాళ్ళచేత నల్లబట్టలు విప్పించి, ఎవరి ఊరికి వాళ్ళని పంపేశారు. మామ్మగారికి అప్పుడు పదిహేడేళ్ళు. స్టేషన్లో ఆ స్నేహితురాలు ఒక రైలు, ఈవిడ ఒక రైలు. ఎవరు ముందు తిరిగొస్తే వాళ్ళు రెండోవాళ్ళకి మంచం వేసి ఉంచాలని ఒట్టు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఈవిడ బట్టల మిల్లులో కూలికి చేరింది. నూనె బావులున్న ఊళ్ళో పనిచేసే మనిషిని పెళ్ళాడింది. కొడుకు పుట్టాడు. మఠంలో పెరిగిన సంగతి బయటికి పొక్కితే పిల్లాడి చదువుకి ఎసరొస్తుందని మొగుడు నోరెత్తొద్దన్నాడు. ఎత్తలేదు. మొగుడు పోయాకే కొడుక్కి చెప్పింది. అప్పటికి కొడుక్కి కూడా తల నెరిసింది.

ఆవిడ గదిలో గోడకి పెద్ద బొమ్మ ఒకటి ఉండేది. వాళ్ళ మఠం కాదు, అక్కడికి మూడు రోజుల నడకలో ఉన్న ఇంకో మఠం. దానికి లోపలి గోడలే కాదు, బయటి గోడలు కూడా చూరు నుంచి కింది దాకా బొమ్మలే, అన్నిటి వెనకా నీలం. అయిదు వందల ఏళ్ళ మంచుకీ వానకీ ఆ నీలం పోలేదట. ఆ కాలపు రాజు ఒకాయన టర్కీ సుల్తాను సైన్యాలతో పోరాడినంత కాలం పోరాడి, యుద్ధం గెలిచినప్పుడల్లా ఒక గుడి కట్టించేవాడట. చదువురాని రైతులు బయట నిలబడి చూసినా కథ అర్థం కావాలని తర్వాతివాళ్ళు గోడల మీద బొమ్మలు వేయించారు.

పడమటి గోడ మీద చచ్చాక జరిగే తీర్పు ఉంది. తక్కెడ ఉంది, నిప్పుల నది ఉంది. మాకూ ఉన్నారు, యమధర్మరాజు, చిత్రగుప్తుడు అని ఫోను ద్వారా చెప్తే ఆవిడకి చిత్రగుప్తుడు బాగా నచ్చాడు. నిప్పుల నది పక్కన తలపాగాలతో వరసగా నిలబడ్డవాళ్ళు ఎవరని అడిగాను. "మా దేశముపై దండెత్తిన తురుష్కులు" అంది ఫోను, గొంతెత్తి. బాబోయ్ అనుకున్నాను. పక్కనే కిటికీ, కిటికీకి ఎదురుగా మసీదు. ఆ రోజు నుంచి ఎవరు తలుపు తట్టినా ముందు ఆ గది తలుపు మూసి, తర్వాతే వీధి తలుపు తీసేదాన్ని.

ఆ నీలిగోడల మఠాన్ని మధ్యలో ఒక పరాయి చక్రవర్తి మూయించాడట. రెండు వందల ఏళ్ళు అందులో సన్యాసి అనేవాడు లేడు. మొన్నమొన్న ఆడవాళ్ళు వచ్చి మళ్ళీ తెరిచారు. మామ్మగారు ఆ బొమ్మ చూస్తూ, రెండు వందల ఏళ్ళు ఆగినవాళ్ళు నాకోసం ఇంకొన్నాళ్ళు ఆగరా అనేది. కొడుకు చెప్పినట్టే నేను మాట మార్చేసేదాన్ని. సూపు తాగుతారా అని అడిగేదాన్ని.

శుక్రవారాలు కొడుకు మమ్మల్ని కారులో కర్జకాన్ వైపు సముద్రానికి తీసుకెళ్ళేవాడు. మామ్మగారు కారు దిగేది కాదు, అద్దం దించుకుని చూస్తూ కూర్చునేది. మా ముగ్గురిలో ఎవరికీ ఆ సముద్రం ఏమీ కాదు. ఒక శుక్రవారం ఆయన ఇసుకలో నా పక్కన నిలబడి తన చదువుల రోజుల సంగతి చెప్పాడు. ఆయన రాజధానిలో ఇంజనీరింగు చదివేటప్పుడు అప్పటి నియంత పెద్ద భవనం కట్టుకోవడానికి పాతపేటలు కూలగొట్టించాడట. కొన్ని గుళ్ళని మాత్రం కూల్చకుండా, పునాది దగ్గర కోసి, కింద పట్టాలు వేసి, గుడికి గుడినే జరిపేశారు. తీసుకెళ్ళి అపార్టుమెంట్ల వెనక పెట్టారు, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనబడకుండా.

"నేను వెళ్ళి చూశాను. ఇంజనీర్ల తెలివికి చప్పట్లు కూడా కొట్టాను" అన్నాడు. "సెలవులకి ఇంటికెళ్ళి అమ్మకి గొప్పగా చెప్పాను. అమ్మ పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పుతూనే ఉంది. ఒక్క మాట అనలేదు." చాలాసేపు చెప్పుతో ఇసుక తోస్తూ ఉన్నాడు. "నాకు తెలియని మా అమ్మ ఒకావిడ ఆ మఠంలో ఉంది. ఆవిడకి నేనెవరో తెలీదు. అక్కడికి పంపితే నా తల్లి నాకు మిగలదు."

నాకు నిజంగా జాలేసింది. కన్నకొడుకు అలా అంటుంటే కారులోంచి ఆవిడ ఎవరో పరాయిదానిలా అటెటో చూస్తోంది. ఆవిడ అడిగిందని ఇసుక మటుకు రెండు సంచుల్లో నింపాను.

ఇసుక ఎందుకంటే కొవ్వొత్తులకి. వాళ్ళ గుళ్ళలో కొవ్వొత్తులు వెలిగించడానికి రెండు చోట్లు ఉంటాయట, బతికున్నవాళ్ళకి ఒకటి, పోయినవాళ్ళకి ఒకటి. ఒకదానిది ఇంకోదాంట్లో పెట్టకూడదు. గుడి దూరమైన మామ్మగారు బాల్కనీలో కేకులు కాల్చే రేకు పళ్ళేలు రెండు పెట్టించి, వాటినిండా ఇసుక పోయించింది. ఎడమది బతికున్నవాళ్ళది, కుడిది పోయినవాళ్ళది. సన్నటి మైనపు కొవ్వొత్తులు కొడుకు సెలవుకి వెళ్ళినప్పుడు తెచ్చేవాడు. ఎండాకాలం బాల్కనీలో పెడితే వెలిగించకముందే నడుం వంచేసేవి. అందుకని ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన దాచేదాన్ని.

మా బిల్డింగులో ఊడ్చి, నీళ్ళ ట్యాంకు చూసుకుని, కాపలా ఉండే మనిషి జగిత్యాల వైపతను. నేను ఇసుక సంచులు లిఫ్టులో పెడుతుంటే చూశాడు. వాళ్ళ వైపు గల్ఫంతా దుబాయే.

"ఏందక్కా, దుబాయి అంత ఇసుకనే ఉండె. నువ్వు మల్ల పైకి మోస్కపోతున్నవ్. మ్యాడ కడ్తవా ఏంది?"

"గుడి కడతన్నాం తమ్ముడూ. అయ్యాక ప్రసాదం పంపుతాలే, ముందు ఆ తలుపు పట్టుకో" అన్నాను.

ఎడమ పళ్ళెంలో ఎప్పుడూ ఒక్కటే కొవ్వొత్తి, కొడుకుది. కుడి పళ్ళెంలో మొగుడు, తల్లీతండ్రీ, మేనత్త, ఇంకెవరెవరో. నేను ఇటు కొవ్వొత్తిని అటు కొవ్వొత్తుల్ని చూసి, వయసైపోవడమంటే ఇదే కాబోలు అనుకునేదాన్ని. నాకు ఇంకా అంత వయసు రాలేదు, అయినా నా ఎడమ పళ్ళెంలో పెట్టడానికి ఎవరున్నారని లెక్కేసుకుంటే నాకూ ఎక్కువమంది తేలలేదు.

వాళ్ళ ఉపవాసాల రోజుల్లో ఆవిడ భక్తి ఇంకా ముదిరింది. వాళ్ళ మఠాల్లో పూజకి పిలవడానికి గంటే కాదు, చెక్క కూడా మోగిస్తారట. ఒక సన్యాసిని పొడుగాటి చెక్కపలకని చేత్తో పట్టుకుని, చిన్న సుత్తితో కొడుతూ గుడి చుట్టూ తిరుగుతుంది. ప్రళయంలో ఓడ కట్టిన పెద్దాయన జంతువుల్ని పిలవడానికి మొట్టమొదట అలా కొట్టాడని వాళ్ళ నమ్మకం. ఒకరోజు పొద్దున్నే టకటకా టకటకా అని చప్పుడు. లేచి చూద్దును గదా, నా చపాతీల పీట, చపాతీల కర్ర ఆవిడ చేతుల్లో ఉన్నాయి. చెయ్యి వణికే మనిషి, కొట్టేటప్పుడు మటుకు ఒక్క దెబ్బ తప్పలేదు. నాలుగు రోజులు చూసి, మన జగిత్యాల తమ్ముడు పైకొచ్చాడు.

"అక్కా, కిందింటి భాయ్ అడగమన్నడు. పొద్దుగాల్నే గిన్ని చపాతీలు ఎంతమందికి చేస్తున్నరని."

నేను నవ్వుకుంటూనే ఆవిడకి చెప్పాను, కిందివాళ్ళకి నిద్ర చెడుతోందని. ఆవిడ పీటని పమిట చెంగుతో తుడిచినట్టు తన గౌనుతో తుడిచి, నా చేతికిచ్చేసింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. నాకు ఆ పీట మీద చపాతీలు చెయ్యబుద్ధి కాలేదు గాని, చెయ్యకపోతే కుదురుతుందా, చేశాను.

ఆ చలికాలం మొదట్లో మామ్మగారికి జ్వరమొచ్చింది. మంచం దిగలేక, ఆ రోజు కొవ్వొత్తులు నన్ను వెలిగించమంది. కుడి పళ్ళెంలో వెలిగించాను. ఎడమవైపు కొడుకు కొవ్వొత్తి గుచ్చబోయి ఆగిపోయాను. మాకు ఒంటి వత్తి దీపం శవం తల దగ్గరే పెడతారు. బతికున్నవాళ్ళ ఇంట రెండు వత్తులు వెయ్యాలి. చిన్నప్పుడు తెలియక ఒంటి వత్తి వేస్తే మా నాయనమ్మ చేతి మీద ఒక్కటేసింది. మామ్మగారు రోజూ వెలిగిస్తుంటే అది ఆవిడ ఆచారమని ఊరుకున్నాను గాని, నా చేత్తో ఒక బతికున్న మగవాడి పేరు మీద ఒంటి దీపం ఎలా పెట్టను? చేతులు రాలేదు. ఇంకో కొవ్వొత్తి తీసి దాని పక్కనే గుచ్చాను. పోయినవాళ్ళకి ఎలాగూ ఒక్కొక్కటే కాబట్టి అటు నా మనసుకి అభ్యంతరం లేదు.

కాసేపటికి జ్వరం తగ్గుముఖం పడితే, ఆవిడని చక్రాల కుర్చీలో బాల్కనీలోకి తెచ్చాను. ఆవిడ ఎడమ పళ్ళెం వైపు చూసింది. ఇంకా రెండు మొదళ్ళూ పక్కపక్కనే వెలుగుతున్నాయి. ఫోను కావాలని చెయ్యి చాపింది.

"జీవించియున్నవారిలో రెండవది ఎవరి నిమిత్తము?" అంది ఫోను.

ఒంటి వత్తి దోషం అని చెప్పబోయాను. దాన్ని ఆ ఫోను ఏం చేసి ఆవిడకి వినిపించిందో నాకు తెలీదు. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది. ఆ ఏడుపులోనే చెప్పింది. మఠంలో తనతో ఒకే మంచం మీద పడుకున్న స్నేహితురాలు ఉందో పోయిందో ఆవిడకి తెలీదు. ప్రభుత్వం కూలిపోయి మఠాలు తెరుచుకున్నాక కూడా అడగలేదు. పెళ్ళాడి బిడ్డని కన్న మొహం పెట్టుకుని ఎలా అడగడమని కొన్నేళ్ళు, పోయిందంటారేమోనన్న భయంతో ఇంకొన్నేళ్ళు. ఏ పళ్ళెంలో పెట్టాలో తేల్చుకోలేక ఆ ఒక్క మనిషికే ఇంతకాలం కొవ్వొత్తి వెలిగించలేదు. ఇప్పుడు నా చేత దేవుడే తేల్పించాడట. ఎడమ పళ్ళెం అన్నాడట.

"కాదు మామ్మగారూ, అది మా ఆచారం, నా చేతి అలవాటు" అని నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"నీ కారణము నీది. ఆయన కారణము ఆయనది" అంది ఫోను.

ఆ వారమంతా కొడుకు ప్రాణం తీసింది, మఠానికి ఫోను చెయ్యమని. ఆఖరికి ఆయన ఎందుకో ఒప్పుకున్నాడు. వంటింట్లోకొచ్చి నాతో మెల్లగా అన్నాడు, "ఆ వయసు మనిషి ఇంకా ఎక్కడుంటుంది? ఒకసారి లేదని తెలిస్తే అమ్మకి ఆ ఆశ తెగిపోతుంది." దీక్ష తీసుకుంటే పేరు మారిపోతుంది గనుక పాత పేరుతో వెతికితే దొరకదు. ఫలానా ఊరి పిల్ల, ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంటుంది అని మఠంవాళ్ళకి ఫోనులో చెప్పి ఉంచాడు. ఆయన లెక్క ప్రకారం అక్కడితో ఖలాస్.

తర్వాతి శనివారం మధ్యాహ్నం అక్కడి నుంచే వీడియో కాల్ వచ్చింది. నల్లటి ముసుగు, ఒక్క పన్ను, తెరకి మరీ దగ్గరగా పెట్టిన మొహం. ముందుగా చెయ్యి ఎత్తి మచ్చ చూపించింది.

ఏడుస్తారు, ముద్దులు పెట్టుకుంటారు అనుకున్నాను. తిట్టుకున్నారు. కొడుకు నా పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. రైలెక్కిన రోజు చీకట్లో నా బూట్లు తొడుక్కుపోయావు, నీవి నాకు బిగుతు, చలికాలమంతా కుంటుతూ నడిచాను అని అవతలావిడ. నేనా తొడుక్కుపోయింది, ముందు లేచి వేసుకున్నది నువ్వు కాదూ అని మామ్మగారు. అరవై ఏళ్ళు దాటిన బూట్ల తగువు అరగంట నడిచింది. మామ్మగారి గొంతు అంత గట్టిగా లేవడం నేనెప్పుడూ వినలేదు. ఆఖర్ని అవతలావిడ ఫోను తిప్పి ఇల్లు చూపించింది. ప్రభుత్వం పడిపోయిన ఏడే ఆమె తిరిగొచ్చేసింది. మామ్మగారి విషయం మఠం పెద్దావిడ ఒప్పుకుందట, ఎప్పుడొచ్చినా చేర్చుకుంటారట. గోడ పక్కన మంచం వేసి ఉంది, దాని మీద ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి. నువ్వొచ్చే లోపల తీసేస్తానంది.

నాకు కుళ్ళు పుట్టింది. చెప్పడానికి సిగ్గెందుకు, పుట్టింది. అన్నేళ్ళ తర్వాత కూడా బూట్ల కోసం నన్ను తిట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆ అరగంటా వెతుక్కున్నాను. అక్కకి కూడా నాతో తగువేసుకునేంత చనువు పోయింది ఇప్పుడు. బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటాం.

మర్నాడు కొడుకు డ్యూటీకి వెళ్ళలేదు. నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మని లేపేది, స్నానం చేయించేది, మందులిచ్చేది నువ్వు. డాక్టరు కంటే నీకే బాగా తెలుసు. అంత ప్రయాణం తట్టుకుంటుందా? నువ్వు కుదరదంటే కుదరదనే చెప్తాను. నీ మాటైతే అమ్మ నమ్ముతుంది."

ఆయన కళ్ళు కుదరదనమని బతిమాలుతున్నాయి. నాకూ అదే నోటిదాకా వచ్చింది. గుండె బలహీనం, మోకాళ్ళు వాచిపోతున్నాయి, మొన్ననే జ్వరం. ఒక్కటీ అబద్ధం కాదు. అంటే మా ఇద్దరికీ మంచిది. ఆయనకి తల్లి ఉంటుంది, నాకు పని ఉంటుంది, అమ్మాయీ అని పిలిచే గొంతు ఉంటుంది. కుళాయి కట్టేసి అలాగే నిలబడ్డాను. గదిలోంచి మామ్మగారు తనలో తానే నవ్వుకోవడం వినబడింది, బూట్ల సంగతి గుర్తొచ్చిందో ఏమో. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన మీద, నా మీద. మా ఇద్దరికీ మనుషులు కరువయ్యారని ఆ ముసలిదాన్ని ఈ గదిలో కట్టేసుకుని కూర్చున్నాం, మళ్ళీ దానికి ఆవిడ ఆరోగ్యం అని పేరు.

"తట్టుకుంటారు సార్" అన్నాను, గట్టిగానే. "వెళ్తే తిరిగి రారు. ఇక్కడున్నా చాలా కాలం ఉండరు. పంపండి."

"మరి నువ్వు?" అన్నాడాయన. నేను కుళాయి తిప్పి గిన్నెలు కడుక్కున్నాను.

సెలవు పెట్టి తనే తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఫ్లాటు నేను చూసుకోవాలి, తర్వాత సంగతి తర్వాత. పెట్టెలు రెండూ నేనే సర్దాను, ఆవిడదొకటి, ఆయనదొకటి. మామ్మగారు మంచం మీంచి చూస్తూ అది పెట్టు, ఇది తియ్ అని చేత్తో చెబుతూ ఉంది. అన్నీ అయ్యాక దిండు కింద నుంచి ఉన్ని మేజోళ్ళ జత, నల్ల శాలువా తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నీ యొద్ద ఉన్ని వస్త్రములు లేవు. అచట మంచు అధికము" అంది ఫోను.

ముసలావిడ గుర్తుగా ఇస్తోందనుకున్నాను. బహ్రెయిన్‌లో ఉన్ని మేజోళ్ళు ఏ కాలంలో తొడుక్కోను అని నవ్వొచ్చింది, కళ్ళకద్దుకుని తీసుకున్నాను. ఆవిడ చాలా సంతోషపడింది.

విమానాశ్రయానికి నేనూ వెళ్ళాను. అక్కడివాళ్ళు చక్రాల కుర్చీ తెచ్చారు. మామ్మగారిని అందులో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, మందుల సంచీ ఒళ్ళో పెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పాస్‌పోర్టులు చూసే చోటు దాకా కుర్చీ పక్కనే నడిచాను. అక్కడి నుంచి లోపలికి నన్ను రానివ్వరు. వంగి ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. వదల్లేదు. ఇంకాస్త గట్టిగా పట్టుకుని, తలెత్తి కొడుకుని ఏదో అడిగింది. ఆయన మొహం మారిపోయింది.

"ఏమంటున్నారు సార్?"

"నువ్వెందుకు ఆగిపోయావని అడుగుతోంది. నువ్వూ వస్తున్నావనుకుంది. రెండో పెట్టె నీదనుకుంది. ఆ స్నేహితురాలికి ముందే చెప్పేసిందట, ఇద్దరం వస్తున్నాం, అమ్మాయికి కూడా మంచం వెయ్యమని. వేశారట."

వెనక జనం ఆగిపోయారు. యల్లా, యల్లా అని ఎవరో తొందరపెడుతున్నారు. ఆయనకి ఆవిడతో నిజం చెప్పే ధైర్యం లేదని చూస్తేనే తెలుస్తోంది. నాకోసం ఒక దేశంలో మంచం వేసి ఉందని, ఆ సంగతి నాకే తెలీదని, అక్కడికి వెళ్ళడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదని ఆవిడకి ఎలా చెప్పను? ఫోను నా సంచీలోనే ఉంది, తియ్యలేదు. వంటింట్లో ఉన్నప్పుడు ఆవిడ పిలిస్తే, ఆవిడ భాషలోనే నేను రోజూ అరిచే మాట ఒకటుంది, వస్తున్నా, వస్తున్నా అని. అదే చెప్పాను.

ఆవిడ నమ్మింది. నా చెయ్యి వదిలేసింది.